దగ్గరి మాట

ఫిషింగ్ హార్బర్ జెట్టీ మీద మైలపల్లి నూకరత్నం తన పాట చోటును తోటికోడలు దానమ్మకు ఇచ్చేసింది. ఇస్తుండగా అక్కడున్నవాళ్ళంతా విన్నారు.

చేపల వేలాన్ని హార్బర్‌లో పాట అంటారు. బోటు నుంచి దించిన చేపను జెట్టీ మీద గుట్టగా పోసి, కొనేవాళ్ళ మధ్య నిలబడి ధర పిలిచేది పాట పాడే మనిషి. ఎవరి చోటు వాళ్ళది. నూకరత్నానికి ఆ చోటు అత్త ఇచ్చింది. చోటు చేతులు మారడానికి కాగితం రాయరు. కావాలన్న మనిషి ఆ చోట్లోనే నిలబడి మూడుసార్లు అడగాలి. ఉన్న మనిషి మూడుసార్లు చెప్పాలి. మూడోసారి అన్నాక మాట ముగిసినట్టే. వెనక్కి తీసుకోవాలన్నా అక్కడే, ఆ నోటితోనే తీసుకోవాలి. ఫోన్‌లో చెప్పింది చెల్లదు. ఇంకొకరు వచ్చి చెప్పింది చెల్లదు.

నూకరత్నానికి పక్షవాతం వచ్చినప్పుడు మాట, కుడిచెయ్యి పోయాయి. ఆమె మంచాన ఉన్నంతకాలం పాట పాడింది దానమ్మే. తర్వాత కొండ మీది ల్యాబువాళ్ళు తలలో చిప్ పెట్టి, నడుముకు పెట్టె కట్టి మాట తెప్పించారు. నూకరత్నం మళ్ళీ జెట్టీకి వచ్చింది. కానాగంతలు, చందువలు, రొయ్యలు అన్నీ తన గొంతుతోనే పాడింది. ధర పెంచమని ఎవరమ్మా ఇంకా, ఎవరమ్మా అని పిలిచింది. నెల తిరక్కుండా దానమ్మ ఆ చోట్లో నిలబడి అడిగింది. అడగడంలో తప్పు లేదని అందరూ అనుకున్నారు. ఇన్నాళ్ళు పాట నిలబెట్టిన మనిషి అడిగింది, ఇష్టం లేకపోతే నూకరత్నం కాదంటుంది, అంతే.

"అక్కా, ఈ చోటు నాకిస్తావా?"

"తీసుకోవే, నీదే," అంది నూకరత్నం.

రెండోసారి అడిగింది. అదే జవాబు. మూడోసారి అడిగేటప్పుడు నూకరత్నం తల అడ్డంగా ఊపుతోంది. పక్షవాతం వచ్చిన దగ్గర నుంచి ఆమె తల వణుకుతుందని జెట్టీ అంతటికీ తెలుసు. నోరు అవునంటున్నప్పుడు తల ఏమంటోందో ఎవరూ చూడరు.

"తీసుకోవే, నీదే."

దానమ్మ వంగి ఆమె కాళ్ళకు దండం పెట్టింది.

*

ల్యాబు కారు వారానికోసారి జాలరిపేటకు వచ్చి నూకరత్నాన్ని కొండ మీదికి తీసుకెళ్తుంది. మొగుడు ఎర్రయ్య కూడా వెళ్తాడు. ఆ వారం కుర్చీలో కూర్చోగానే ఆమె అన్న మొదటి మాట చోటు గురించే.

"నాను ఇవ్వలేదు. ఆ మాట నాది కాదు."

ఎదురుగా ఉన్నది సీపాన హేమలత. శ్రీకాకుళం వైపు మనిషి. ఆ చిప్‌కు మాటలు రాసే జట్టులో ఇంజనీరు. అసలు ఏం చెప్పబోయారని అడిగింది. నూకరత్నం తడుముకోకుండా చెప్పింది. చోటు ఇవ్వను, గానీ నా పక్కన నిల్చోవే, రేపు నేను పడిపోతే నువ్వే పాడాలి. ఇదీ చెప్పబోయిన మాట. తీసుకోవే నీదే అన్నది, పాట అయ్యాక తట్టలు మోసిన ఆడవాళ్ళకు గుప్పెడు చేపలిస్తూ ఏళ్ళ తరబడి అన్న మాట.

హేమలత పెట్టె రికార్డు తెరిచింది. జెట్టీ మీద అన్న మూడు మాటలూ ఉన్నాయి. తప్పు జరిగినట్టు ఎక్కడా లేదు. ల్యాబు పెద్ద కస్తూరి రంగనాయకులు కూడా వచ్చి చూశాడు. మనిషికి ఎదురుగా కూర్చుని మాట్లాడే అలవాటున్నవాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఇక్కడ చక్కగా మాట్లాడుతున్నారు కదమ్మా. పెట్టె అదే. చిప్ అదే."

"ఇక్కడ మాటాడతన్నాను బాబూ. అక్కడ మాటాడేది నాను కాదు."

చిప్ పెట్టినవాళ్ళలో కొందరికి తమ మాట తమది కాదనిపించడం మామూలేనని ఆయన ఎర్రయ్యకు చెప్పాడు. కౌన్సెలింగ్‌కు రాశాడు. ఎర్రయ్య తల ఊపాడు. పెళ్ళాం మాటాడుతుంటే ఎదురుగా కూర్చుని విన్నాడు, ఆమె చెప్పేది పిచ్చిమాటలా లేదని అతనికీ అనిపించింది. ఇంటికెళ్ళాక నెమ్మదిగా అడుగుదామనుకున్నాడు.

ఇంటికెళ్ళాక అడిగాడు.

"కొండ మీద ఏటో అన్నావు రత్నం. అది నిజమేనేటి?"

"ముందు నువ్వు తిను మావా. చల్లారిపోతాది."

అన్నం అప్పుడే దించారు. అతను తిన్నాడు. తింటుండగా ఆమె ఎడమచేత్తో అతని మణికట్టు పట్టుకుంది. ఏటే అన్నాడు. చల్లారిపోతాది, అంది. అతను నవ్వి ఇంకో ముద్ద పెట్టుకున్నాడు. ఆమె చెయ్యి వదల్లేదు.

*

ఇంట్లో ఆమె అనేవన్నీ ల్యాబులో ముందుగా కట్టిన మాటలు. కూతురు పోలేశ్వరి పెళ్ళి వీడియో నుంచి, ఫోన్‌లో తీసిన ముక్కల నుంచి, జెట్టీ మీద పాటల నుంచి ఏరారు. ఒక్కో మాటా ఒక చిన్న ప్రోగ్రాం. ఆమె అనాలనుకోగానే చిప్ దాన్ని అందుకుని నాలుకను, పెదవులను కదిలిస్తుంది. ఉన్న మాటలతో సరిపోనప్పుడు కొత్త మాటను అక్కడికక్కడ కట్టే ఏర్పాటు కూడా ఉంది. ఆ భాగం రాసింది హేమలత జట్టు. ల్యాబుకు అందరూ చూడటానికి వచ్చేది దాన్నే. ల్యాబులో పరీక్షించిన ప్రతిసారీ అది పనిచేసింది.

రికార్డులో తప్పు లేదు. అయినా ఆ వారం హేమలత జాలరిపేట వెళ్ళింది. తన కంటితో చూద్దామని తప్ప ప్రత్యేకంగా ఏమీ అనుకోలేదు.

వాకిట్లో వల ఆరబెట్టి ఉంది. పోలేశ్వరి టీ ఇచ్చింది. ఆమె పురిటికి వచ్చి ఇంకా పుట్టింట్లోనే ఉంది. పాప చాప మీద బోర్లాపడి ముందుకు జరగాలని చూస్తోంది. నూకరత్నం గోడకు ఆనుకుని కూర్చుని పాపను పిలిచింది.

"పోలీ. ఇలా రాయే."

పాప తిరగలేదు. పోలేశ్వరి నవ్వింది. అమ్మకు మనవరాలు కూడా కూతురిలాగే కనిపిస్తోందని, ఇంట్లో ఇప్పుడు ఇద్దరు పోలేశ్వరులని చెప్పింది. తన మొగుడు కూడా వేళాకోళం చేస్తున్నాడంది, పేరు పెట్టిన ఖర్చు దండగని.

హేమలత టీ గ్లాసు కింద పెట్టింది. ల్యాబులో నూకరత్నం పాప కబుర్లు చాలాసార్లు చెప్పింది. ఎప్పుడూ లిఖిత అనే చెప్పింది. ఒక్కసారీ పోలి అనలేదు.

"పాప పేరేంటి రత్నమ్మ గారూ?"

"పోలేశ్వరి," అంది నూకరత్నం నోరు. ఆమె చూపు హేమలత మీదే ఉంది.

పోలేశ్వరి అన్నది చిప్ పెట్టకముందు ఏరిన మాటల్లో ఉన్న పేరు. పాప పక్షవాతం తర్వాత పుట్టింది. లిఖిత అన్న పేరు కొత్తగా కట్టాలి.

హేమలత ఆమె నడుముకున్న పెట్టెను ల్యాప్‌టాప్‌కు తగిలించింది. మొదటిసారి అమర్చినప్పటి పేజీ చూసింది. ఆ మాటల ప్రోగ్రాములు రాసే భాషను ఏ పెట్టెలో పెట్టాలన్నా రెండు రకాలుగా పెట్టొచ్చు. కట్టిన మాటలను నడిపితే చాలనుకుంటే రన్‌టైమ్. కొత్తవి కట్టాలంటే డెవలప్‌మెంట్ కిట్. ఇంటికి పంపే పెట్టెలు అమర్చే జట్టు రన్‌టైమ్ దగ్గర టిక్ పెట్టింది. వాడుకునేవాళ్ళకు రన్‌టైమ్ చాలని మాన్యువల్‌లోనే ఉంది.

హేమలత జట్టు రాసిన భాగం, కొత్త మాట కట్టాల్సినప్పుడు కిట్‌ను పిలుస్తుంది. ల్యాబులో కిట్ లేని మిషను లేదు. నూకరత్నం గుమ్మం దాటి లోపలికి రాగానే ఆమె పెట్టె దానంతట అది ల్యాబు నెట్‌వర్క్‌కు కలిసి కిట్‌ను అందుకుంటుంది. గుమ్మం దాటి బయటికి వెళ్ళగానే వదిలేస్తుంది. ల్యాబులో కట్టిన కొత్త మాటలు కూడా ల్యాబులోనే ఉండిపోతాయి. ఆమోదం లేని మాట ఇంటికి వెళ్ళకూడదని నియమం.

కిట్ అందనప్పుడు పెట్టె తప్పు చూపించాలి. చూపించలేదు. దానికీ కారణం ఉంది. మనిషి నోరు తెరిచి మాట రాక ఆగిపోతే ఇంట్లోవాళ్ళు భయపడతారని రంగనాయకులు మొదట్లోనే ఒక ఏర్పాటు చేయించాడు. సరైన మాట దొరక్కపోతే ఉన్నవాటిలో దానికి దగ్గరిది పలకాలి. రికార్డులో అది తప్పుగా కాకుండా పలికిన మాటగానే పడుతుంది.

హేమలత ఇదంతా వాకిట్లో ఉన్న ఎర్రయ్యకు చెప్పింది. అతనికి అర్థమయ్యేలా బోటుతో చెప్పింది. చేపల వేటకు బోటు చాలు, బోటు కట్టాలంటే యార్డు ఉండాలి. మేం యార్డు కొండ మీదే ఉంచేసుకుని మీకు బోటు ఒక్కటే ఇచ్చాం.

ఎర్రయ్య కాసేపు వల వైపు చూశాడు.

"అంటే ఇన్నాళ్ళూ నేను మాటాడింది ఎవరితో అమ్మగారూ?"

గోడ దగ్గర నుంచి నూకరత్నం చెప్పింది.

"ముందు నువ్వు తిను మావా."

*

రంగనాయకులు కాగితం మీద నమ్మడు. చూపించమన్నాడు. కిట్ ఉన్న మిషను స్విచ్ హేమలత చేతిలో పెట్టుకుంది. ఆపబోతున్నానని నూకరత్నానికి ముందే చెప్పి అనుమతి అడిగింది. ఆపమ్మా, ఆయన్ని చూడనీ, అంది నూకరత్నం.

ఏదైనా చెబుతూ ఉండమన్నారు. అత్త చోటు ఇచ్చిన రోజు గురించి చెప్పడం మొదలుపెట్టింది. ఆ రోజు వాన. బోట్లు ఆలస్యంగా వచ్చాయి. అత్తకు అప్పటికే చూపు ఆనడం లేదు. అయినా అత్తే తన చెయ్యి పట్టుకుని గుట్ట దగ్గరికి తీసుకెళ్ళింది.

"తీసుకెళ్ళి నా చెవిలో అంది కదా, ధర నువ్వు పిలు, గానీ…"

హేమలత స్విచ్ నొక్కింది.

"చల్లారిపోతాది. ముందు నువ్వు తిను. ఎవరమ్మా ఇంకా, ఎవరమ్మా."

గొంతు మారలేదు. వేగం మారలేదు. పక్కగదిలోంచి వింటే ఎవరికీ తేడా తెలియదు. రంగనాయకులు ఆమె ముఖం చూస్తున్నాడు. నేనన్నది వినబడుతోందా అని అడిగాడు.

"తీసుకోవే, నీదే."

"ఆన్ చెయ్యండి," అన్నాడు.

ఆన్ చేశాక ఆమె ఎడమచేత్తో నోరు తుడుచుకుంది.

"చూసారా బాబూ. నానుండేది ఆ మిషనులోనే."

ఆ తర్వాత జరిగిన మాటలు ఎక్కువగా రంగనాయకులవి. చిప్‌ను మనుషుల మీద పరీక్షించే ట్రయల్ గడువు ముగుస్తోంది. ముగిశాక ఆమె పెట్టెకు సీలు వేయాలి, ఆపై ల్యాబు కిట్ దానికి అందకూడదు. అనుమతిలోని షరతు అది. గడువు పెంచమని అప్పటికే రాశాడు, కాదన్నారు. కిట్ ఆ చిన్న పెట్టెలో పట్టదు. పట్టేంత చిన్నదిగా చేయడానికి కొత్త ట్రయల్ కావాలి, దానికి ఏళ్ళు పడుతుంది. పట్టినా అనుమతులిచ్చే కమిటీ ఒప్పుకోదు.

ఎందుకు ఒప్పుకోదని నూకరత్నం అడిగింది.

"కిట్ మీ దగ్గరుంటే, అది వాడటం తెలిసినవాడెవడైనా మీ నోట్లో మాట పెట్టగలడమ్మా."

"ఇప్పుడు పెట్టిందెవరు బాబూ?"

ఆయన కళ్ళద్దాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. తుడిచి మళ్ళీ పెట్టుకుని, చేయగలిగింది చెప్పాడు.

సీలు వేసేలోపు ఒక మార్పు చేయొచ్చు. ఒక్క మార్పు వరకు కొత్త అనుమతి అక్కర్లేదు. అది ఒక మాట కావచ్చు, ఒక పేరు కావచ్చు. దగ్గరి మాట ఏర్పాటునే తీసేయొచ్చు కదా అని హేమలత అంది. తీసేస్తే కొత్త మాట అనాలనుకున్నప్పుడల్లా పెట్టె మౌనంగా ఉంటుంది. నూకరత్నం ఒప్పుకోలేదు. మాట రాకపోతే మళ్ళీ పక్షవాతం తిరగబెట్టిందనుకుంటారు, చేప పాడనివ్వరు. మౌనంగా నిలబడితే జెట్టీ మీద పోయిన చోటు తిరిగి రాదు.

హేమలత పాప పేరు పెడదామంది. ఒకసారి కాదు, ఆ మధ్యాహ్నమంతా అంది. చోటు గురించి జెట్టీ సంఘంవాళ్ళతో తాను మాట్లాడతానంది. పేరైతే రోజూ పిలుస్తారు, బతికినంతకాలం పిలుస్తారు.

నూకరత్నం వింది. అన్నీ విన్నాక చెప్పింది.

"పేరు పిలిస్తే పిల్ల ఒకర్తే తిరుగుతాది. మిగతా అందరికీ నాను అబద్ధం ఆడతానే ఉంటాను."

ఆమె అడిగిన మార్పు ఇది. పెట్టె దగ్గరి మాట పలికిన ప్రతిసారీ, దాని వెనకాలే ఇంకో మాట రావాలి. ఇది నా మాట కాదు.

*

సీలు వేసే రోజు ఎర్రయ్య, పోలేశ్వరి, పాప ముగ్గురూ వచ్చారు. హేమలత గది తలుపు దగ్గరకు వేసి బయట నిలబడింది. లోపల ఏం మాట్లాడుకున్నారో రికార్డు చేయలేదు. ఆ రోజుకు రికార్డు ఆపేయమని రంగనాయకులే చెప్పాడు.

చివర్లో పిలిస్తే లోపలికి వెళ్ళింది. ఎర్రయ్య కిటికీ వైపు తిరిగి ఉన్నాడు. పోలేశ్వరి ఒళ్ళో పాప తల్లి గాజులు లాగుతోంది.

"లిఖితా," అంది నూకరత్నం.

పాప గాజులు వదల్లేదు.

"లిఖితా. అమ్మమ్మని చూడవే."

పోలేశ్వరి పాప గడ్డం పట్టుకుని తిప్పబోయింది. వద్దు, దానంతటదే తిరగాలి, అంది నూకరత్నం. ఇంకా చాలాసార్లు పిలిచింది. పుట్టిన దగ్గర నుంచి ఆ గొంతులో తన పేరు వినని పిల్ల. తిరగలేదు.

"కానియ్యమ్మా," అని హేమలతతో అంది నూకరత్నం. "ఏసెయ్యి."

*

జెట్టీ మీదికి హేమలత కూడా వెళ్ళింది. మాట్లాడటానికి ఆమెకు హక్కు లేదు. ఐసు బండి పక్కన నిలబడింది. ఇచ్చిన మాట మళ్ళీ అడిగించడం జెట్టీకి కొత్త. సంఘం పెద్దావిడ దానికి ఒప్పుకోవడానికి ఎర్రయ్య ఆమె ఇంటి చుట్టూ తిరిగాడు. పెద్దావిడ చివరికి ఒక షరతు పెట్టింది. అడగాల్సింది దానమ్మే.

దానమ్మ ఆ చోట్లో నిలబడింది. చుట్టూ గుంపు కట్టారు. కొనేవాళ్ళు కూడా ఆగారు.

"అక్కా, ఈ చోటు నాకిచ్చావా?"

"తీసుకోవే, నీదే. ఇది నా మాట కాదు."

గుంపులో ఎవరో నవ్వారు. పెద్దావిడ అటు చూసింది. నవ్వు ఆగింది. దానమ్మ రెండోసారి అడిగింది, గొంతు తగ్గించి. అదే వచ్చింది. మూడోసారి అడిగేముందు ఆమె నూకరత్నం తలను చూసింది. తల అడ్డంగా ఊగుతోంది. దానమ్మ ఈసారి నోటి వైపు చూడకుండా అడిగింది.

"తీసుకోవే, నీదే. ఇది నా మాట కాదు."

"మరి నీ మాటేటి రత్నం?" అంది పెద్దావిడ.

నూకరత్నం పెదవులు కదిలాయి. చెప్పబోయిన మాట ఏదో హేమలతకు తెలుసు. నా పక్కన నిల్చోవే అన్నది. ఎర్రయ్యకూ తెలుసు, కానీ ఇంకొకరు చెప్పింది అక్కడ చెల్లదు.

"ఎవరమ్మా ఇంకా, ఎవరమ్మా. ఇది నా మాట కాదు."

పెద్దావిడ ఆలోచించింది. తనది కాదని మూడుసార్లు చెప్పిన మాట చెల్లదంది. చోటు నూకరత్నానిదే. కొనేవాళ్ళలో ఒకడు ముందుకొచ్చి, మరి ఈవిడ పిలిచిన ధర నిజమో కాదో మాకెలా తెలుస్తుందని అడిగాడు. ధర పిలిచి, వెనకాలే నా మాట కాదంటే ఎవడు కొంటాడు. అందులో అబద్ధం లేదు. పెద్దావిడ అది కూడా తేల్చింది. చోటు నూకరత్నానిది, పాట దానమ్మది.

ఆ రోజు నుంచి దానమ్మ నిలబడి పాడుతోంది. నూకరత్నం పక్కన తిరగేసిన తట్ట మీద కూర్చుంటుంది. ఎవరు ఎవరి పక్కన ఉండాలని తాను చెప్పబోయిందో ఆమె జెట్టీ మీద ఎవరికీ చెప్పలేకపోయింది.

*

హేమలత తర్వాత ఒకసారి జాలరిపేట వెళ్ళింది. పని ఏమీ లేదు. కొత్త ట్రయల్‌కు పెట్టిన దరఖాస్తు ఇంకా కమిటీ దగ్గరే ఉంది. ఆ మాట చెప్పింది. ఎర్రయ్య తల ఊపాడు.

అతను ఇప్పుడు పెళ్ళాంతో మాట్లాడే తీరు మారింది. అడిగి ఆగుతాడు. జవాబు వెనకాల ఇది నా మాట కాదు అని వస్తే ఇంకోలా అడుగుతాడు. నీళ్ళా. నా మాట కాదు. వెలుతురా. నా మాట కాదు. వెనకాల ఆ మాట లేని జవాబు వచ్చేదాకా అడుగుతాడు. ఒక్కోసారి అడగాల్సినవి అయిపోతాయి. అప్పుడిద్దరూ ఊరికే కూర్చుంటారు.

పాప నిలబడటం నేర్చుకుంది. గుమ్మం పట్టుకుని వాకిట్లో ఆడుతోంది. పోలేశ్వరి లోపల నుంచి లిఖితా, లిఖితా అని పిలిచింది. పాప పట్టించుకోలేదు.

నూకరత్నం గోడ దగ్గర నుంచి చెయ్యి చాపింది.

"పోలీ. ఇలా రాయే."

పాప కదల్లేదు. గుమ్మం పట్టుకుని ఎదురుచూస్తున్నట్టు నిలబడింది.

"ఇది నా మాట కాదు."

పాప వెనక్కి తిరిగి నవ్వింది. గుమ్మం వదిలేసి, ఆ పిలుపు వచ్చిన వైపు అడుగులేసుకుంటూ వెళ్ళింది.